సూత్రాల మధ్య సంవాదం: ఫ్రీమన్ టిల్డెన్ వారసత్వ వ్యాఖ్యాన సిద్ధాంతం – ఒక పరిశీలన

ప్రవేశిక

చారిత్రక స్థలానికో, అరణ్యానికో, ప్రదర్శనశాలకో వెళ్లిన సందర్శకునితో అక్కడి వస్తువు తనంత తానుగా మాట్లాడదు. శిథిలమైన గోడకూ, రాతిపొరకూ, పగిలిన కుండపెంకుకూ దాన్ని చూసేవాడికీ నడుమ ఒక మాట కావాలి. ఆ మాట ఎలా ఉండాలి, దాని ప్రయోజనమేమిటి, దాని హద్దులేమిటి అన్న ప్రశ్నలను సిద్ధాంతస్థాయిలో చర్చించిన గ్రంథాలలో అమెరికన్ రచయిత ఫ్రీమన్ టిల్డెన్ (1883–1980) రాసిన ‘ఇంటర్‌ప్రెటింగ్ అవర్ హెరిటేజ్’ అగ్రగణ్యమైనది. 1957లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడిన ఈ చిన్న పుస్తకం జాతీయ ఉద్యానవనాలలోనూ ప్రదర్శనశాలలలోనూ పనిచేసేవారికి ప్రాథమిక పాఠ్యగ్రంథంగా నిలిచింది.

ఆ ప్రసిద్ధే పుస్తకానికి కొంత నష్టం కూడా చేసింది. శిక్షణ తరగతులలో టిల్డెన్ పేరు ఆరు సూత్రాల జాబితాకు పర్యాయపదమైపోయింది. సూత్రాలు కంఠస్థమయ్యాయి కానీ వాటి మధ్య నడిచే వాదం మరుగున పడింది. ఆ ఆరు సూత్రాలను ఒకదాని తరువాత ఒకటిగా పాటించవలసిన నియమాలుగా కాక, ఒకదానినొకటి అదుపుచేసే జంటలుగా చదివినప్పుడే టిల్డెన్ సిద్ధాంతబలం, దాని లోపం రెండూ స్పష్టమవుతాయన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. లోపాన్ని గుర్తించడానికి తెలుగు విద్వత్సంప్రదాయానికి సుపరిచితమైన వ్యాఖ్యానపద్ధతి ఎంతవరకు తోడ్పడుతుందో కూడా ఇందులో పరిశీలించడం జరిగింది.

రచయిత – నేపథ్యం

మసాచుసెట్స్ రాష్ట్రంలోని మాల్డెన్‌లో జన్మించిన టిల్డెన్ శాస్త్రవేత్త కాడు, వృత్తి చరిత్రకారుడూ కాడు. పత్రికా విలేఖరిగా జీవితం ప్రారంభించి కథలు, నవలలు, నాటకాలు రాసినవాడు. నడివయస్సు దాటిన తరువాత, జాతీయ ఉద్యానవన సేవాసంస్థకు అధిపతిగా ఉన్న న్యూటన్ డ్రూరీతో ఏర్పడిన స్నేహం అతణ్ణి ఉద్యానవనాల వైపు మళ్లించింది. 1951లో జాతీయ ఉద్యానవనాల గురించి అతడు రాసిన గ్రంథం వెలువడింది. ఆరేళ్ల తరువాత వచ్చిన వ్యాఖ్యానగ్రంథానికి అది పూర్వరంగం.

అమెరికాలో ఈ రంగం టిల్డెన్‌తో పుట్టలేదు. రాకీ పర్వతాలలో మార్గదర్శిగా జీవించిన ఈనస్ మిల్స్ తన అనుభవాలను 1920లోనే గ్రంథస్థం చేశాడు. 1916లో ఏర్పడిన జాతీయ ఉద్యానవన సేవాసంస్థలోనూ మార్గదర్శకుల ఉపన్యాసాలు, ప్రకృతి విహారాలు టిల్డెన్ పుస్తకానికి ముందే నడుస్తున్నాయి. టిల్డెన్ చేసిన పని ఆ ఆచరణకు ఒక లక్షణాన్ని నిర్మించడం. లక్ష్యం ముందు, లక్షణం తరువాత అన్న క్రమం తెలుగు వ్యాకరణ, ఛందో గ్రంథాల చరిత్ర తెలిసినవారికి కొత్తది కాదు.

గ్రంథం వెలువడిన కాలం కూడా గమనించదగినది. రెండవ ప్రపంచయుద్ధానంతరం ఉద్యానవనాలకు జనం వెల్లువెత్తడంతో 1956లో ‘మిషన్ 66’ పేరిట పదేళ్ల నిర్మాణ కార్యక్రమం మొదలైంది. రోడ్లు, వసతులు, సందర్శక కేంద్రాలు లేచాయి. భవనాలు కట్టే ఆ కాలంలో, వాటి లోపల పలకవలసిన మాట గురించి ఆలోచించే బాధ్యత ఒక సాహిత్యకారునికి దక్కింది. అందువల్లనే అతని సిద్ధాంతంలో ప్రధానపాత్ర వహించే భావనలు కథ, శ్రోత, సమగ్రత, మితభాషణం వంటివి. ఇవన్నీ సాహిత్యశాస్త్ర భావనలే.

ఆరు సూత్రాలు – మూడు జంటలు

టిల్డెన్ సూత్రాల సారాంశం ఇది. మొదటిది: ప్రదర్శిస్తున్న వస్తువును సందర్శకుని వ్యక్తిత్వంతోనో, అనుభవంతోనో ముడిపెట్టని వ్యాఖ్యానం నిష్ఫలం. రెండవది: సమాచారం వేరు, వ్యాఖ్యానం వేరు, సమాచారాన్ని పునాదిగా చేసుకుని అర్థాన్ని ఆవిష్కరించేది వ్యాఖ్యానం. మూడవది: వ్యాఖ్యానం అనేక కళల కలయికతో ఏర్పడిన కళ, ఏ కళ అయినా కొంతమేరకు నేర్పదగినదే. నాలుగవది: దాని ప్రధాన లక్ష్యం బోధన కాదు, శ్రోతలో ప్రేరణ కలిగించడం. ఐదవది: అది భాగాన్ని కాక సమగ్రరూపాన్ని చూపాలి; మనిషిలోని ఏదో ఒక పార్శ్వాన్ని కాక సంపూర్ణమానవుణ్ణి ఉద్దేశించాలి. ఆరవది: పన్నెండేళ్ల లోపు పిల్లలకు చెప్పే వ్యాఖ్యానం పెద్దలకు చెప్పినదానికి నీళ్లు కలిపిన రూపం కాకూడదు, దాని మార్గమే వేరుగా ఉండాలి.

వీటిలో మొదటి సూత్రానికి టిల్డెన్ చూపిన ఉదాహరణ ప్రసిద్ధమైనది. టెక్సస్ రాష్ట్రంలోని శాన్ ఆంటోనియోలో ఉన్న ఒక ప్రదర్శనశాలలో, అంతరించిన మామత్ ఏనుగుల అవశేషాల పక్కన ఉంచిన ఫలకాన్ని అతడు మెచ్చుకున్నాడు. ఆ జంతువులు ఒకనాడు మందలుగా సంచరించిన నేల ఇదేననీ, ఇప్పుడు చదువరి నిలబడిన చోటే అవి మేసి ఉండవచ్చుననీ ఆ ఫలకం చెబుతుంది. ఎముకల కొలతలు, శాస్త్రీయనామాలు చేయలేని పనిని ‘నీవు నిలబడిన చోటు’ అన్న ఒక్క భావం చేసింది. వేల ఏళ్ల నాటి జంతువుకూ ఈనాటి పాదాలకూ అది సంబంధం కల్పించింది.

ఈ ఉదాహరణలోనే సూత్రాల పరస్పరాశ్రయం కనిపిస్తుంది. ఫలకం ప్రేరణ కలిగిస్తున్నది. అయితే మామత్‌లు అక్కడ నిజంగా సంచరించి ఉండకపోతే ఆ ప్రేరణ మోసమవుతుంది. అంటే నాలుగవ సూత్రాన్ని రెండవ సూత్రం కాపలా కాస్తున్నది. సమాచారం లేని ప్రేరణ గాలికబుర్లు. ప్రేరణ లేని సమాచారం వట్టి జాబితా. ఇది మొదటి జంట.

మూడు, ఆరు సూత్రాలు రెండవ జంట. వ్యాఖ్యానం నేర్పదగిన కళ అని మూడవ సూత్రం భరోసా ఇస్తే, నేర్చిన కళను అందరి ముందూ ఒకే రూపంలో ప్రదర్శించరాదని ఆరవది హెచ్చరిస్తుంది. ఇక్కడ టిల్డెన్ వయస్సును హద్దుగా పెట్టుకున్నాడు. భారతీయ శాస్త్రసంప్రదాయంలో ‘బాల’ శబ్దానికున్న అర్థం ఇంతకంటే సూక్ష్మమైనది. వ్యాకరణ, కావ్య, కోశాలు చదివినా న్యాయశాస్త్రం చదవనివాడు ఆ శాస్త్రం దృష్టిలో బాలుడేనని తర్కగ్రంథ వ్యాఖ్యాతలు వివరించారు. చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ పేరులోని బాలుడు కూడా పసివాడు కాడు. ఈ దృష్టితో చూస్తే, పురావస్తు స్థలంలో నిలబడిన భౌతికశాస్త్ర ఆచార్యుడు కూడా ఆ స్థలానికి బాలుడే. ఆరవ సూత్రాన్ని వయస్సు నుంచి విడిపించి పరిచయస్థాయికి అన్వయిస్తే దాని ప్రయోజనం విస్తరిస్తుంది.

మూడవ జంట మొదటి, ఐదవ సూత్రాలది. టిల్డెన్ సిద్ధాంతానికి అసలైన పరీక్ష ఇక్కడే ఉంది. దానికి ముందు ‘వ్యాఖ్యానం’ అన్న పదాన్ని కొంత పరిశీలించాలి.

వ్యాఖ్యానం – అన్వయం

‘ఇంటర్‌ప్రెటేషన్’ అన్న ఆంగ్లపదానికి తెలుగులో వివరణ, టీక, వ్యాఖ్య, అన్వయం వంటి మాటలు సందర్భాన్ని బట్టి వాడుకలో ఉన్నాయి. ‘వివరణ’ సమాచారానికి దగ్గరగా ఉంటుంది. టిల్డెన్ రెండవ సూత్రం నిరాకరించేది అటువంటి వట్టి వివరణనే. అతని భావనకు ‘వ్యాఖ్యానం’ చేరువ పదం. అయితే ఈ పదంతో పాటు ఒక సంప్రదాయం కూడా వెంట వస్తుంది. ఆ సంప్రదాయం టిల్డెన్‌ను ప్రశ్నిస్తుంది.

మెదక్ ప్రాంతంలోని కొలిచెలమకు చెందినవాడిగా ప్రసిద్ధుడైన కోలాచల మల్లినాథసూరి, రఘువంశానికి రాసిన సంజీవనీ వ్యాఖ్య ఆరంభంలో తన పద్ధతిని ప్రకటించాడు. సర్వాన్నీ అన్వయముఖంగానే వ్యాఖ్యానిస్తాననీ, మూలంలో ఆధారం లేనిదేదీ రాయననీ, అపేక్షితం కానిదేదీ చెప్పననీ అతడు చేసిన ప్రతిజ్ఞ వ్యాఖ్యాతలందరికీ ఒరవడి అయింది. దుర్వ్యాఖ్యల విషంతో మూర్ఛిల్లిన కాళిదాసు వాక్కును బతికించడానికే ఈ సంజీవని అని కూడా అతడు చెప్పుకున్నాడు. చెడు వ్యాఖ్యానం పాఠకుణ్ణి విసిగించడమే కాదు, మూలానికే హాని చేస్తుందన్న గ్రహింపు ఇందులో ఉంది.

మల్లినాథునికీ టిల్డెన్‌కూ పోలిక ఉన్నచోటు స్పష్టం. అపేక్షితం కానిది చెప్పకపోవడం టిల్డెన్‌కూ ఇష్టమైన నియమమే. అతి పనికిరాదని చెప్పడానికి అతడు ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. ఫలకాల మీది రాతలను చర్చించిన అధ్యాయంలో, రాయడానికి ముందు చేసే ఆలోచనకే పెద్దపీట వేశాడు. భేదం అన్వయం దిశలో ఉంది. మల్లినాథుడు మూలంలోని పదాన్ని పదంతో కలుపుతాడు. అతని అన్వయం గ్రంథం లోపల జరుగుతుంది. టిల్డెన్ వస్తువును చూసేవాడితో కలుపుతాడు. అతని అన్వయం వస్తువు నుంచి బయటికి సాగుతుంది. మొదటి పద్ధతిలో మూలానికి రక్షణ ఉంది కానీ పాఠకుడు ఎవరన్న ప్రశ్నకు ప్రాధాన్యం లేదు. రెండవ పద్ధతిలో చూసేవాడికి గౌరవం ఉంది కానీ అతని అనుభవం పరిధిలోకి రాని మూలభాగం ఏమవుతుందన్న ప్రశ్న మిగిలిపోతుంది.

టిల్డెన్ చేసిన మలుపు విలువను తక్కువ చేయరాదు. బోధనకూ ప్రేరణకూ మధ్య అతడు చూపిన భేదానికి, 1838లో హార్వర్డ్ దైవశాస్త్ర విద్యార్థుల ఎదుట ఎమర్సన్ చేసిన ప్రసంగంలోనే బీజం ఉంది. ఒక ఆత్మ మరొక ఆత్మకు ఇవ్వగలిగింది పాఠం కాదని ఎమర్సన్ అభిప్రాయం. ఆ ఆధ్యాత్మిక భావాన్ని ఉద్యానవనంలో నడిచే సాధారణ కుటుంబం దగ్గరికి తీసుకురావడం టిల్డెన్ సాధించిన విజయం. సందర్శకుడు ఖాళీపాత్ర కాదు. తన జ్ఞాపకాలతో, తన జీవితంతో వస్తాడు. అతణ్ణి విద్యార్థిగా కాక భాగస్వామిగా చూడాలన్నది అతని సిద్ధాంతంలోని ప్రజాస్వామిక సారం.

‘మన’ అన్న మాట – లిటిల్ బిగ్‌హార్న్

గ్రంథం పేరులోనే ‘మన వారసత్వం’ అన్న మాట ఉంది. ఈ ‘మన’లో ఎవరున్నారన్న చర్చ గ్రంథంలో జరగలేదు. సందర్శకుని అనుభవంతో వస్తువును ముడిపెట్టాలన్నప్పుడు ఆ సందర్శకుడు ఎవరో ముందే ఊహించుకోవలసి ఉంటుంది. 1950ల నాటి అమెరికాలో ఆ ఊహ సహజంగానే కారులో కుటుంబంతో విహారానికి వచ్చే మధ్యతరగతి శ్వేతజాతీయుని వైపు మొగ్గుతుంది.

దీని పర్యవసానాన్ని పరీక్షించడానికి మోంటానా రాష్ట్రంలోని లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధస్థలం తగిన ఉదాహరణ. 1876 జూన్ 25, 26 తేదీలలో లకోటా, ఉత్తర షయాన్, అరాపహో యోధులకూ అమెరికా ఏడవ అశ్వికదళానికీ అక్కడ పోరు జరిగింది. కస్టర్, అతని వెంట ఉన్న సైనికులు హతులయ్యారు. 1881లో కొండమీద సైనికుల పేర్లతో స్మారకస్తంభం లేచింది. సైనికులు పడినచోట్లను సూచించే తెల్లని పాలరాతి ఫలకాలు 1890లో వెలిశాయి. టిల్డెన్ గ్రంథం వెలువడేనాటికి ఆ స్థలానికున్న అధికారనామం కస్టర్ పేరు మీదే ఉంది.

ఆ తెల్లరాళ్ల మధ్య నిలబడిన 1950ల సందర్శకుణ్ణి ఊహిస్తే, మొదటి సూత్రం దాదాపు పూర్తిగా నెరవేరినట్లే. కస్టర్ కథ అతనికి బాల్యం నుంచి తెలుసు. సైనికుడు పడిన చోటే తాను నిలబడ్డానన్న స్పృహ అతణ్ణి కదిలిస్తుంది. మామత్ ఫలకం చేసిన పనినే ఈ రాళ్లూ చేస్తున్నాయి. రాళ్లు చెప్పే సమాచారంలో అసత్యం ఉండనక్కరలేదు. వ్యాఖ్యానం నిష్ఫలం కాలేదు. నిజానికి అతిగా ఫలించింది. అయినా అది అర్ధసత్యం. తమ కుటుంబాలున్న శిబిరం మీదికి వచ్చిన సైన్యాన్ని ఎదుర్కొన్నవారు ఆ కొండమీద శత్రువులుగా తప్ప మరోరకంగా కనిపించరు. అదే చోటికి వచ్చిన షయాన్ సందర్శకుని అనుభవంతో ముడిపడే రాయి ఒక్కటీ లేదు.

ఈ లోపాన్ని మొదటి సూత్రం ఒంటరిగా పట్టుకోలేదు. పట్టుకోగలిగింది ఐదవ సూత్రం. భాగాన్ని కాక సమగ్రరూపాన్ని చూపాలన్న నియమమే తెల్లరాళ్ల కథను భాగంగా గుర్తించగలదు. 1991లో చట్టం ద్వారా ఆ స్థలం పేరు ‘లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమి’గా మారింది. 1999 నుంచి ఆదివాసీ యోధులు పడినచోట్ల ఎర్రని గ్రానైట్ ఫలకాలు వెలిశాయి. 2003లో ఇండియన్ స్మారకం ప్రారంభమైంది. తెల్లరాతిని ఎవరూ తొలగించలేదు; ఎర్రరాయి పక్కన చేరడంతో తెల్లరాతి అర్థం కూడా మారిపోయింది.

ఐదవ సూత్రాన్ని వివరిస్తూ టిల్డెన్ చేసిన ఒక హెచ్చరిక ఇక్కడ ముఖ్యం. తాను కోరేది ‘ఒక’ సమగ్రరూపమే తప్ప సమస్తమూ కాదని అతడు స్పష్టం చేశాడు. సమస్తాన్నీ చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. కాబట్టి సమగ్రత అన్నది వివరాల సంఖ్యకు సంబంధించినది కాదు, ఆకృతికి సంబంధించినది. లిటిల్ బిగ్‌హార్న్‌లో ఎర్రరాళ్లు సమస్తాన్నీ చెప్పలేదు. యుద్ధానికి ఇద్దరు పక్షులున్నారన్న ఆకృతిని మాత్రం అవి పూర్తిచేశాయి. గ్రంథకర్త ఊహించని చోట అతని సూత్రమే అతణ్ణి సవరించగలగడం ఆ సిద్ధాంతపు జవసత్త్వాలకు నిదర్శనం.

నాగార్జునకొండ – స్థలం మారిన వారసత్వం

టిల్డెన్ నిర్వచనంలో అసలు వస్తువుకూ ప్రత్యక్షానుభవానికీ ప్రధానస్థానం ఉంది. స్థలమే జలగర్భంలో చేరినప్పుడు ఈ సూత్రాలు ఎలా నిలబడతాయన్న ప్రశ్నకు తెలుగునేల మీద నాగార్జునకొండ సమాధానం అడుగుతుంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వర్ధిల్లిన ఆ లోయలో, నాగార్జునసాగర్ జలాశయం నిండకముందు, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో విస్తృతమైన తవ్వకాలు జరిగాయి. మునిగిపోనున్న కట్టడాలలో కొన్నింటిని కొండమీదా, ఒడ్డున అనుపు దగ్గరా పునర్నిర్మించారు. ఒకనాటి కొండ నేడు ద్వీపం; ప్రదర్శనశాలకు లాంచీలో వెళ్లాలి.

‘నీవు నిలబడిన చోటే’ అన్న మామత్ ఫలకం వాక్యాన్ని ఇక్కడ యథాతథంగా రాస్తే అబద్ధమవుతుంది. సందర్శకుడు నిలబడినది స్నానఘట్టం ఉన్న చోటు కాదు, దాన్ని తెచ్చి నిలిపిన చోటు. ఆధారం లేనిది రాయనన్న మల్లినాథ ప్రతిజ్ఞ టిల్డెన్ ప్రేరణను ఇక్కడ అడ్డుకుంటుంది. అయితే ఆ అడ్డంకి దగ్గరే నిజమైన ప్రేరణ కూడా మొదలవుతుంది. లాంచీ సాగుతున్నప్పుడు సందర్శకుని కాళ్లకింద ఉన్న నీటిలోనే విజయపురి ఉందని చెప్పడం సత్యం. అంతకు మించిన ప్రత్యక్షానుభవం మరొకటి లేదు. వ్యాఖ్యానం మొదలుకావలసింది ప్రదర్శనశాల గుమ్మం దగ్గర కాదు, లాంచీలోనే.

సమగ్రరూపం కోసం వెదికితే మరొక ప్రశ్న ఎదురవుతుంది. మహాచైత్య శాసనాలు రాజకుటుంబ స్త్రీ చాంతిసిరి దానాన్ని తెలుపుతాయి. శిల్పాలు బౌద్ధగాథలను తెలుపుతాయి. ఇదే లోయలో జలాశయం నిండేవరకు ఊళ్లున్నాయి. వాటిని విడిచి వెళ్లిన రైతుకుటుంబాలున్నాయి. పురాతన కట్టడాలను రాయి రాయిగా ఎత్తి కొండకు చేర్చిన కథలో ఆ ఊళ్ల కథ కూడా భాగమే. మూడో శతాబ్ది నగరం, ఇరవయ్యో శతాబ్ది ఊళ్లు ఒకే నీటికింద ఉన్నాయన్న ఆకృతి సందర్శకునికి అందినప్పుడే నాగార్జునకొండ వ్యాఖ్యానం ఐదవ సూత్రాన్ని అందుకున్నట్లు. ఆ ఊళ్ల వారసుడే సందర్శకుడిగా వస్తే మొదటి సూత్రం కోరే ముడి కూడా అక్కడే పడుతుంది.

ప్రేమ – ఏకసూత్రం

గ్రంథం చివరిభాగంలో టిల్డెన్ ఒక ఆశ్చర్యకరమైన అడుగు వేశాడు. తాను ప్రతిపాదించిన ఆరు సూత్రాలూ నిజానికి ఒకే సూత్రమేమోనని సందేహించి, దానికి ప్రేమ అని పేరు పెట్టాడు. వ్యాఖ్యాత తాను చెప్పే వస్తువునూ, వినడానికి వచ్చిన మనుషులనూ ప్రేమిస్తే తక్కినదంతా దాని వెంటే వస్తుందని అతని భావన. యంత్రసాధనాలను చర్చించిన అధ్యాయం వెనుక ఉన్నదీ ఈ విశ్వాసమే. సాధనాలను అతడు తిరస్కరించలేదు. అవి మనిషి సన్నిధికి సాటిరావని మాత్రం నొక్కిచెప్పాడు.

ఈ మాటలోని ఆర్ద్రత కాదనలేనిది. ఏళ్ల తరబడి ఒకే కథను చెప్పే మార్గదర్శకుని గొంతు యాంత్రికం కాకుండా కాపాడేది ఆ ప్రేమే. కానీ సిద్ధాంతదృష్టితో చూస్తే ఇది గ్రంథంలోని బలహీనమైన ఘట్టం. లిటిల్ బిగ్‌హార్న్ కొండమీద తెల్లరాళ్లు నిలిపినవారికి ఆ స్థలం మీద, అక్కడికి వచ్చే తమ ప్రజల మీద ప్రేమ లేదనలేము. వారికి కొరవడింది ప్రేమ కాదు, తమ ప్రేమ పరిధిని ప్రశ్నించే మరొక సూత్రం. ఆరింటినీ ఒకటిగా కరిగించినప్పుడు ఒక సూత్రం మరొకదానిని నిలదీసే అవకాశం పోతుంది. జంటల మధ్య ఉన్న సంవాదమే టిల్డెన్ సిద్ధాంతానికి ప్రాణం; ఏకసూత్రం ఆ సంవాదాన్ని మూసివేస్తుంది.

ముగింపు

టిల్డెన్ వ్యాఖ్యానకేంద్రాన్ని వస్తువు నుంచి సందర్శకునికి మార్చాడు. ఆ మార్పులోని ప్రజాస్వామికత అతని గొప్పదనం. ఆ సందర్శకుణ్ణి ఒకే ముఖంతో ఊహించడం అతని పరిమితి. ఆ పరిమితిని సవరించే సాధనం బయటినుంచి తేవలసిన అవసరం లేదు. మొదటి సూత్రాన్ని ఐదవది, నాలుగవదాన్ని రెండవది, మూడవదాన్ని ఆరవది పరీక్షించేటట్లు చదివితే అది గ్రంథంలోనే దొరుకుతుంది. మూలానికి జవాబుదారీగా ఉండాలన్న మల్లినాథుని నియమం ఆ పఠనాన్ని మరింత పదునుపెడుతుంది.

ఇందులో తెలుగు శాఖలకు సంబంధించిన అంశం కూడా ఉంది. కోట గోడపక్క ఫలకం, ప్రదర్శనశాలలోని నాలుగు పంక్తుల పరిచయం, మార్గదర్శకుడు నోటితో చెప్పే కథ – ఇవన్నీ లక్షలమంది చదివే, వినే తెలుగు వచనం. గ్రంథాలకు చేసే పరిష్కరణ, విమర్శ వీటికి జరగడం అరుదు. వీటిని ఒక రచనాప్రక్రియగా గుర్తించి, ప్రతి ఫలకం ముందూ రెండు ప్రశ్నలు వేయాలి: ఇది చదువరిని దేనితో ముడిపెడుతున్నది? ఈ ముడిలో పడకుండా మిగిలినవారెవరు? మొదటి ప్రశ్న వేయడం నేర్పినవాడు టిల్డెన్. అతని సూత్రాలను ఒకదాని ఎదుట ఒకటి నిలిపి చదివినవారికి రెండవ ప్రశ్న కూడా అక్కడే వినిపిస్తుంది.